దూదక్క స్నానం

నెత్తి నిండా షాంపూ నురగ ఉన్నప్పుడే నీళ్ళు సన్నబడ్డాయి. షవర్ అని పేరేగానీ, అప్పటిదాకా అది పోసింది కూడా అంతంతమాత్రమే. ఇప్పుడు ధార కాస్తా దారమైంది. ఆ దారం కూడా తెగి బొట్టు బొట్టుగా భుజం మీద పడుతోంది. గోడకి అవతల వంటింట్లో కుళాయి జోరుగా పారుతున్న చప్పుడు దూదక్కకి వినిపిస్తూనే ఉంది. ఎవరో గ్లాసు కడుగుతున్నారు. ఒక్కటంటే ఒక్క గ్లాసు. గంగాళం తోమినంత సేపు కడుగుతున్నారు.

ఆమె అరవలేదు. బకెట్ అడుగున మిగిలిన నీళ్ళని మగ్గుతో ముంచుకుని నెత్తిన గుమ్మరించుకుంది. నురగ పోయింది. దూది పోలేదు.

పరుపుల వర్క్‌షాపులో దూది ఏకే మిషను పక్కనే ఆమె కుట్టుబల్ల. పొద్దున నల్లటి జడతో వెళ్ళిన మనిషి సాయంత్రానికి నెరిసిన జడతో తిరిగొస్తుంది. నుసి వెంట్రుకల మొదళ్ళలోకి దూరి, చెమటతో కలిసి, అంటుకుపోతుంది. అందుకే అక్కడ అందరూ ఆమెని దూదక్క అంటారు. రాత్రి తల దువ్వుకుంటే దువ్వెన తెల్లబడుతుంది. ఈ మధ్య తల వెనక పుండ్లు కూడా లేచాయి. చర్మం డాక్టరు భూతద్దంలోంచి చూసి, "నీళ్ళు గట్టిగా పడేలా రోజూ కడగాలమ్మా. కుదరదంటే జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం ఒక్కటే దారి," అని చెప్పేసింది.

కత్తిరించేవాళ్ళకేం, ఎవరైనా తయారే. పక్క బల్ల మీద దబ్బనంతో పరుపులు కుట్టే ఆవిడైతే గుడ్డలు కోసే కత్తెర టకటకలాడించి, "ఇటు రా అక్కా, ఒక్క వేటుతో పీడా వదిలిపోద్ది," అంది. భర్త కూడా, "కత్తిరించేయ్, ఏం పోయింది, తలకి గాలాడుతుంది," అన్నాడు. ఆయన నెత్తి మీద గాలి ఆడటానికి అడ్డు వచ్చేది ఏమీ లేదులెండి, అందుకని అంత తేలిగ్గా అన్నాడు. నడుము దిగిన జడ అది. కత్తెర పేరెత్తితేనే ఆమె చెయ్యి దాని మీదికి పోతుంది.

వాళ్ళది పై అంతస్తు ఫ్లాటు. టాంకు సరిగ్గా వాళ్ళ నెత్తి మీదే ఉంది. నీళ్ళకి దూకడానికి ఎత్తు చాలదు. ఏకకాలంలో రెండు కుళాయిలు తిప్పితే రెండూ ఏడుస్తాయి. అందుకని ఆ ఇంట్లో స్నానానికి ఒక పద్ధతి ఏర్పడిపోయింది. లోపలికి వెళ్ళినవాళ్ళు "కట్టేయ్!" అని ఒక్క కేక పెడతారు. వంటింట్లో ఉన్నవాళ్ళు కుళాయి కట్టేస్తారు. వంటింట్లో ఉండేది దూదక్క. చేతికి సబ్బున్నా, పొయ్యి మీద కూర మాడుతున్నా కట్టాల్సిందే. అత్తగారి కేకకి ఒకసారి, భర్త కేకకి ఒకసారి, కూతురి కేకకి ఒకసారి. ఇక దూదక్క లోపలికి వెళ్ళినప్పుడు వంటింట్లో ఉండే మనిషంటూ ఎవరూ ఉండరు. వచ్చేపోయేవాళ్ళు ఉంటారు.

ఆ రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఆమె అంది, "పవర్ షవర్ పెట్టిద్దాం, పంపుతో నీళ్ళు తోసేది. నా జీతంతోనే."

"అబ్బ, ఇన్నాళ్ళకి మంచి మాట చెప్పావ్," అన్నాడు భర్త.

"నా నడుముకి ప్రాణం లేచొస్తుంది," అన్నారు అత్తగారు.

"లైట్లు ఉండేది కొందామమ్మా," అంది కూతురు.

ఎవరి స్నానం వాళ్ళ కళ్ళ ముందు కనబడింది. పుండ్లు ఎవరి తలలో ఉన్నాయో ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

సెలవు రోజు నలుగురూ షాపుకి వెళ్ళారు. గోడ నిండా షవర్లే. కింద చూస్తే ఒక్క చుక్క తడి లేదు. నీళ్ళు లేని లోటంతా సేల్స్‌మన్ నోటితో తీరుస్తున్నాడు.

"ఇది చిరుజల్లు సార్. ఇది జడివాన. ఇదిగో, ఇదైతే తుపాను. పంపు దీంతోనే వస్తుంది."

భర్త కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాడు. ఏదైనా సరే రెండేసి చొప్పున చూపించి అడగడం ఆయనకి ఒంటబట్టింది. ఒక షవర్ ఈ చేత్తో, ఒకటి ఆ చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. "ఇది బాగుందా, ఇది బాగుందా? సరిగ్గా చూసి చెప్పండి. మళ్ళీ మొదటిది. ఇప్పుడు?"

"రెండూ ఒకలాగే ఉన్నాయి నాన్నా."

"అదే వద్దన్నాను. తేడా తెలియాలి."

అత్తగారికి పొడుగు గొట్టంతో చేత్తో పట్టుకునేది నచ్చింది. దాన్ని నడుముకి ఆనించి, వీపుకి ఆనించి చూసుకుంటున్నారు. ఇంతలో షాపులో ఒక గోడ మొత్తం చీకటైపోయింది. సేల్స్‌మన్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. అత్తగారి చెయ్యి ఇంకా స్విచ్చిబోర్డు మీదే ఉంది.

"అమ్మా, అవి షో కోసం పెట్టిన లైట్లండీ!"

"షో చూశాం కదా నాయనా. ఊరికే వెలగడమెందుకు?" అన్నారు ఆవిడ, ఏ మాత్రం తొణక్కుండా.

కూతురు సిగ్గుతో తల దించుకుంది. దూదక్కకి మాత్రం నవ్వొచ్చింది. వెలిగే స్విచ్చి కంటబడితే అత్తగారి చెయ్యి ఊరుకోదు. ఇంట్లో ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళు నీళ్ళు తాగడానికి లేచి తిరిగొచ్చేలోగా ఫ్యాను ఆగిపోయి ఉంటుంది.

వాళ్ళ గోలలో వాళ్ళుండగా దూదక్క చివర వరుసలో ఉన్న ఒకదాన్ని కిందికి దింపింది. చూడ్డానికి మొరటుగా ఉంది. అంచు మందం. అడుగున రబ్బరు మొనలు వత్తుగా ఉన్నాయి. దబ్బనం మొన చూసే అలవాటుతో ఒక్కో మొననీ బొటనవేలితో నొక్కి చూసింది.

"నీళ్ళు గట్టిగా పడతాయా?"

"గట్టిగానా! వీపు మీద దరువేసినట్టు ఉంటుందమ్మా."

"జుట్టు లోపల ఇరుక్కున్న దూది వదలాలి. వదులుతుందా?"

సేల్స్‌మన్ ఒక్క క్షణం ఆమె జడ వైపు చూశాడు. "ఇది వదిలించకపోతే ఇంకేదీ వదిలించలేదండీ," అన్నాడు. ఈసారి అమ్మకం గొంతు కాదు.

"ఇదే తీసుకుందాం."

"ఇంకో రెండు చూద్దామే. రంగు కాస్త నాసిగా ఉంది," అన్నాడు భర్త.

"ఇదే."

ఆమె అలా అన్న సందర్భాలు తక్కువ కాబట్టి ఆయన చేతుల్లోని రెండింటినీ కొక్కేలకి తగిలించేశాడు. దానికి చేత్తో పట్టుకునే గొట్టం కూడా ఉందని తేలాక అత్తగారు శాంతించారు. లైట్లు లేవని తేలాక కూతురు ఇంటిదాకా మూతి ముడుచుకునే ఉంది.

బిగించడానికి ఆడపడుచు మొగుడు వచ్చాడు. ఆయన ప్లంబరు. భర్తకి బావ, దూదక్కకి అన్నయ్యగారు, ఆయన నోరు మాత్రం ఎవరికీ ఏమీ కాదు, దాని దారి దానిదే.

"చెల్లెమ్మా, నేను బిగించిన పైపు కారిందంటే ఈ మీసం తీయించేసుకుంటా," అంటూ పానాలు, డ్రిల్లు, టేపు చుట్టలు బాత్‌రూమ్ గుమ్మంలో పరిచాడు.

"పోయినసారి కారింది కదా బావా?" అన్నాడు భర్త.

"కారలేదు. సర్దుకుంది. పైపు సర్దుకోవడం వేరు, కారడం వేరు. కళ్ళద్దాలు అమ్ముకునేవాడివి, నీకేం తెలుసు?"

పంపుని గుమ్మం పైన అటక మీద కూర్చోబెట్టాడు. డాబా మీద టాంకుకి కొత్తగా చిల్లు పెట్టి, అక్కణ్ణుంచి ఒక వేరే పైపు దింపాడు. "ఇదిగో, అందరూ వినండి. షవర్‌కి ఈ లైను, వంటింటికి పాత లైను. ఇక దేని దారి దానిదే. మీ ఇంటి 'కట్టేయ్' మాట ఇవాళ్టితో రద్దు. ఒకరి నీళ్ళకి ఒకరు అడ్డం రారు."

"ఎత్తెంత పెట్టను?" అని అడిగాడు తర్వాత. భర్త గోడకి ఆనుకుని నిలబడి చెయ్యి పైకెత్తాడు. అత్తగారు నిలబడ్డారు. కూతురు మడమలెత్తి నిలబడింది. బావ పెన్సిల్‌తో మూడు గీతలు గీసి, వాటి మధ్యలో నాలుగో గీత గీసి, చెవి సందున పెన్సిల్ పెట్టుకుని డ్రిల్లు నొక్కేశాడు. టైల్స్ పొడి ఎగిరింది. దూదక్క టీ కప్పులతో వచ్చేసరికి చిల్లులు పడిపోయాయి.

"చెల్లెమ్మా, ఇంతకీ నువ్వెంత ఎత్తు?"

"చిల్లులు పెట్టేశారుగా అన్నయ్యగారూ."

"అవును, పెట్టేశాను," అని ఆయన టీ చప్పరించాడు. "ముందే చెప్పాలి తల్లీ. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను ప్లంబర్ని."

అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కానీ కప్పులు సర్దుకుని వెళ్తున్నప్పుడు ఆ మాట ముల్లులా కాసేపు గుచ్చుకుంది.

స్విచ్చి ఎక్కడ పెట్టాలన్న దగ్గర పెద్ద చర్చ ఏమీ జరగలేదు. తడిచేత్తో ముట్టుకోకూడదని బయట, వంటింటి గుమ్మం పక్కన, బాత్‌రూమ్ లైటు స్విచ్చికి ఆనుకుని పెట్టేశాడు. పంపు నడుస్తుంటే అందులో ఎర్రలైటు వెలుగుతుంది.

"బయటుండటమే మంచిది. నా కళ్ళ ముందుంటుంది," అన్నారు అత్తగారు.

మొదటి స్నానం పెద్దవాళ్ళదే అని ఎవరూ అనకుండానే తేలిపోయింది. అత్తగారు తలుపేసుకున్నారో లేదో లోపల్నుంచి "కట్టేయ్!" అని కేక. బయట బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత "ఓరి నాయనో!" అని ఇంకో కేక, "హాయిగా ఉందర్రా!" అని మరోటి. భర్త వెళ్ళి, "బావా! అదిరిపోయింది!" అంటూ ఒళ్ళు రుద్దుకున్నంతసేపూ సమాచారం అందిస్తూనే ఉన్నాడు. కూతురు వెళ్తే పాటల మోతకి కింది అంతస్తువాళ్ళు పైకి చూసి ఉంటారు. అన్నీ అయ్యాక దూదక్క చీపురుతో టైల్స్ పొడి ఊడ్చి, బురద కడిగి, నేల తుడిచింది. అప్పటికే వంటపొద్దు దాటిపోయింది. అప్పుడు అంచుల్లో తెల్లమందు పూసి, అది ఆరాలి, రేపటిదాకా ఎవరూ తడపొద్దని చెప్పి బావ వెళ్ళిపోయాడు. ఒక మూల పైపు సన్నగా సర్దుకుంటోంది.

మర్నాడు వర్క్‌షాపులో పాత పరుపులు విప్పే పని పడింది. పాత దూదంటే నుసి రెట్టింపు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి. తల వెనక మంట. కూతురు టీవీ ముందు ఉంది, భర్త పక్కన కూర్చుని పేపరు చూస్తున్నాడు. దూదక్క ఎవరితోనూ ఏమీ అనకుండా తువ్వాలు తీసుకుని, లైటు వేసి, పంపు స్విచ్చి నొక్కి, లోపలికి వెళ్ళింది.

నీళ్ళు దరువేసినట్టే పడ్డాయి. సేల్స్‌మన్ అబద్ధమాడలేదు. మొదటి జడికి ఆమెకి ఊపిరాడలేదు. రెండు చేతుల్తో జడ విప్పి, పాయలు పాయలుగా విడదీసి, మొదళ్ళని ఆ మొనల కిందికి తీసుకొచ్చింది. పాదాల దగ్గర నీళ్ళు తెల్లగా, మబ్బుగా పారుతున్నాయి. జాలీ మీద దూది పేరుకుంటోంది. ఎన్నాళ్ళ దూదో అది! ఆమె కాలితో దాన్ని పక్కకి నెట్టి, షాంపూ దోసిట్లో పోసుకుని తలంతా పట్టించింది. గోళ్ళతో మెల్లగా రుద్దింది.

ఉన్నట్టుండి చీకటైపోయింది. వెంటనే పంపు మూలుగు ఆగిపోయింది. నీళ్ళు పోయాయి.

కరెంటు పోయిందనుకుంది. కానీ హాల్లో టీవీలో ఎవరో గలగలా నవ్వుతూనే ఉన్నారు.

ఆమె చెయ్యి అలవాటుగా మూలకి పోయి మగ్గుని తడిమింది. మగ్గు దొరికింది. బకెట్ ఖాళీ. కొత్త షవర్ వచ్చాక దాంతో పనేముందని ఎవరో బోర్లించి పెట్టారు. చీకట్లో, నెత్తిన నురగతో, చేతిలో ఖాళీ మగ్గుతో ఆమె అలా నిలబడిపోయింది. నురగ కళ్ళలోకి దిగింది. తల వెనక పుండ్లు భగ్గుమన్నాయి. అప్పుడు మగ్గు కింద పెట్టి, తువ్వాలు చుట్టుకుని, తలుపు గడియ తీసి, సందులోంచి తల బయట పెట్టింది.

"స్విచ్చి ఆపిందెవరు?"

ఆ గొంతు ఇల్లంతా వినబడింది. కూతురు టీవీ ముందు నుంచి లేచి నిలబడింది. భర్త పేపరు జారిపోయింది. అత్తగారు వంటింటి గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉన్నారు.

"నేనేనమ్మా. ఎర్రలైటు వెలుగుతుంటేనూ..."

"లోపల నేనున్నాను అత్తయ్యా!"

"నువ్వున్నావా?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. "నువ్వున్నావని నాకెలా తెలుస్తుందే? వాడు వెళ్తే అరుస్తాడు. ఇది వెళ్తే ఇల్లెగిరిపోతుంది. నా సంగతి సరేసరి. లోపల్నుంచి కిక్కురుమన్న మాట లేదు. లైటు, పంపు ఎవరో మర్చిపోయి వదిలేశారనుకున్నాను."

"అంటే, అరవకపోతే నేను లోపల లేనట్టేనా?"

భర్త సర్దిచెప్పబోయాడు. "పోనీ, నువ్వూ ఒక కేక వేసి ఉంటే సరిపోయేదిగా."

"వేస్తే? కట్టేదెవరండీ?" దూదక్క కళ్ళు మండుతున్నాయి. ఏడుపు కూడా వచ్చింది గానీ, నిజం చెప్పాలంటే కోపమే ఎక్కువ వచ్చింది. "మీరు ముగ్గురూ కట్టేయ్ అంటే పరిగెత్తి కట్టేదాన్ని నేను. ఆ నేనే లోపలుంటే ఇక కట్టేవాళ్ళు ఎవరున్నారు ఈ ఇంట్లో? గోడ అవతల మీరు గ్లాసు కడిగే చప్పుడు వింటూ, అడుగు నీళ్ళతో తల కడుక్కున్నాను. ఒక్క పూట, ఒక్క పూట ఈ తల పూర్తిగా కడుక్కోనివ్వండి నన్ను!"

తలుపు ధడాలున వేసుకుంది. బయట టీవీ కూడా ఆగిపోయింది. కొంచెంసేపటికి టక్కున లైటు వెలిగింది, దాని వెనకే పంపు మూలిగింది. నీళ్ళు మళ్ళీ పడ్డాయి. ఆమె కళ్ళు కడుక్కుంది, నురగ కడుక్కుంది. కానీ మొదళ్ళు విడదీసుకునే ఓపిక లేక త్వరగానే బయటికి వచ్చేసింది.

ఆ రాత్రి భర్త తిన్న పళ్ళెం తనే తీసుకెళ్ళి సింకులో పెట్టాడు. అంతకంటే ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు. అనవసరంగా నోరు జారానేమో అని ఆమె పడుకున్నాక ఆలోచించింది. అంత గొంతెందుకు వేసుకోవాలి, పెద్దావిడ, కావాలని చేసిందా? మళ్ళీ తనే, లేదు, అనాల్సిందే అన్నాను అనుకుంది. అలా అనుకున్నాక నిద్ర పట్టింది.

మర్నాడు పని దగ్గర పక్క బల్ల ఆవిడ మళ్ళీ కత్తెర ఆడించింది. "ఏం నిర్ణయించావ్ అక్కా?"

"ఇవాళ ఒక్కరోజు చూసి చెప్తాను," అంది దూదక్క.

సాయంత్రం తలుపు తీసుకుని లోపలికి వచ్చేసరికి, వంటింటి గుమ్మం పక్కన, సరిగ్గా స్విచ్చిల కింద, అత్తగారు పీట వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్ళో మడత పెట్టాల్సిన బట్టలున్నాయి.

"ఇక్కడ కూర్చున్నారేంటి అత్తయ్యా?"

"కాపలా."

"ఎవరొస్తారనీ?"

"ఇంకెవరు, నేనే. ఈ చెయ్యి నా మాట వినదు. ముసలి ప్రాణానికి అలవాటైపోయింది. ఎదురుగా కూర్చుంటే లోపల నువ్వున్న సంగతి గుర్తుంటుంది." ఆవిడ తల ఎత్తలేదు. "పో, తువ్వాలు అక్కడ పెట్టాను. నీ ఇష్టం వచ్చినంతసేపు పోసుకో."

దూదక్క తువ్వాలు అందుకుని, లైటు, పంపు వేసి లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. నీళ్ళు జడివానలా దిగాయి. ఈసారి తొందరపడలేదు. పాయ తర్వాత పాయ విడదీసింది. వర్క్‌షాపులో కుట్టు విప్పినట్టు చివరి నుంచి మొదటిదాకా వేళ్ళు పోనిచ్చింది. మెడ మీద, భుజాల మీద నీళ్ళ బరువు పడుతుంటే రోజంతా వంగి కుట్టిన వీపు తనంతట తనే వదులైంది.

"ఉన్నావా?" బయట నుంచి అత్తగారి గొంతు.

"ఉన్నానత్తయ్యా!"

కాసేపాగి మళ్ళీ. "అమ్మాయీ, ఉన్నావా?"

"ఉన్నాను!"

మూడోసారికి దూదక్కకి నవ్వాగలేదు. నోట్లోకి నీళ్ళు పోయి పొలమారింది. "ఎక్కడికి పోతానత్తయ్యా, ఉన్నాను, ఉన్నాను!" అని గొంతెత్తి అరిచింది. అలా అరవడం ఎంత బాగుందంటే, అవసరం లేకపోయినా ఇంకోసారి అరిచింది. పాదాల దగ్గర నీళ్ళు మొదట మబ్బుగా, తర్వాత పల్చగా, చివరికి తేటగా పారాయి. తేటపడ్డాక కూడా ఆమె చాలాసేపు నీళ్ళ కింద నిలబడింది.

బయటికొచ్చి, పీట దగ్గరే నిలబడి తల తుడుచుకుంటుంటే అత్తగారు దువ్వెన అందుకుని, ఒక పాయ పట్టుకుని, పైనుంచి కిందిదాకా దువ్వారు. దువ్వెన వెలుతురుకి ఎత్తి చూశారు. ఒక్క పోగు కూడా లేదు. పళ్ళన్నీ నల్లగా ఉన్నాయి.

"కత్తెర అక్కర్లేదు," అన్నారు ఆవిడ. "ఇంత జుట్టు కత్తిరించడానికి ఎవరికి చేతులొస్తాయే!"

దూదక్క తల వెనక చేత్తో తడుముకుంది. చర్మం చల్లగా ఉంది. మంట లేదు. గుండెల మీంచి పెద్ద బండ దింపినట్టైంది. టీ పెడదామని వంటింట్లోకి అడుగు వేసి, ఆగిపోయింది. సింకులో గిన్నెలన్నీ సబ్బు పూసి ఉన్నాయి, సబ్బు ఎండి చారలు కట్టింది. భర్త పీచు చేతిలో పట్టుకుని సింకు ముందు అలాగే నిలబడి ఉన్నాడు. కుళాయి గట్టిగా కట్టి ఉంది.

"ఏంటండీ, అలా నిలబడ్డారు?"

"అమ్మ కట్టేసింది. నువ్వు బయటికొచ్చేదాకా ముట్టుకోవద్దంది."

దూదక్క వెనక్కి తిరిగింది. "కుళాయి కట్టక్కర్లేదు అత్తయ్యా. షవర్‌కి వేరే లైను. అన్నయ్యగారు చెప్పారుగా."

"తెలుసు. నేనూ విన్నాను." అత్తగారు మోకాళ్ళు పట్టుకుని పీట మీంచి లేచారు. "కట్టాల్సినప్పుడు నీకు ఒక్కనాడూ కట్టలేదు. అందుకని కట్టాను."

తడిజుట్టులోంచి నీళ్ళు జాకెట్టు వీపు మీదికి కారుతున్నాయి. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి కుళాయి మీద చెయ్యి వేసి, తిప్పకుండా, గుమ్మం వైపు చూశారు.

"అయిందా నీ స్నానం? విప్పమంటావా?"

"అయిందత్తయ్యా," అంది దూదక్క, జుట్టు ముందుకి వేసుకుని ఆరబెట్టుకుంటూ. "విప్పండి."